నత్తకు బీరు, నడుముకు సెలవు

రామాపురంలో ఈ వానాకాలం నత్తలు బీరు తాగి చస్తున్నాయి. తాగి చచ్చేవాళ్లు ఊళ్లో ఎప్పుడూ ఉన్నవాళ్లే కనక జనం పెద్దగా పట్టించుకోలేదు. కానీ ఈసారి సీసాలు కొంటున్నది జన్మలో మందు ముట్టని పెద్దమనుషులు. బ్రాందీ షాపు ముందు మొహానికి తువ్వాలు కప్పుకుని వరసలో నిలబడి, "నాక్కాదయ్యా, నత్తలకి" అని చెప్పుకుంటున్నారు. నమ్మినవాడు లేడు.

చీరాల దగ్గర సముద్రం ఒడ్డున రిసార్టులు పెట్టుకున్న రామాపురం గురించి కాదు నేను మాట్లాడేది. అక్కడ శని, ఆదివారాలు బీరు తాగే ప్రాణులు వేరు. తెనాలి, బాపట్ల, రేపల్లె, ఈ మూడూళ్ల మధ్య ఏ కాలవకట్ట పట్టుకుని పోయినా ఎక్కడో ఒకచోట ఒక రామాపురం తగులుతుంది. మీకు దగ్గరున్నది అనుకోండి. నల్లనేల. ఒక వాన పడితే చెప్పును వదలదు, రెండు వానలు పడితే చెప్పే మిగలదు. ఇంటి వెనక బచ్చలి పాదు, తోటకూర మడి, రెండు బొప్పాయి చెట్లు, గోడవార కంద, బావి దగ్గర తమలపాకు తీగ. తాతల నాటి పెరడే. కొత్తగా కలిసిందల్లా వాట్సాప్ గ్రూపు.

గ్రూపులో ఎవరెవరున్నారనుకున్నారు? రిటైరైన హెడ్మాస్టర్లు, బ్యాంకు మేనేజర్లు, హైదరాబాదు ఉద్యోగం ఇంట్లోంచే వెలగబెడుతున్న కుర్రాళ్లు, డల్లాస్ నుంచి వీడియో కాల్లో అమ్మమ్మగారింటి మల్లెపొదను పలకరించే మనవరాళ్లు. తెల్లారేసరికి ఒక బచ్చలాకు ఫొటో పడుతుంది. ఆకు తక్కువ, చిల్లులెక్కువ. పళ్లు తోముకునే లోపు చికిత్సలు కుప్పలు పడతాయి. గుడ్డు పెంకులు చల్లండి. కాఫీ పిప్పి పొయ్యండి. కుండీకి రాగి పట్టీ చుట్టండి. బీరు పెట్టండి.

ఊరంతా ఇన్‌స్టంట్ కాఫీ తాగుతుంటే పిప్పి ఎక్కడ్నించి వస్తుందని ఒక్కరూ అడగలేదు. గుడ్డు ముట్టని మాస్టారు పెంకుల కోసం పక్కింటి గుమ్మం ముందు గిన్నె పట్టుకుని నిలబడ్డారు. రాగి పట్టీ చుట్టిన మూడో రోజుకి రాగి పోయింది, నత్త ఉంది.

ఇక బీరు. అది పనిచెయ్యదని నేననను. పులిసిన వాసనకి నత్త వస్తుంది, నేలకి సమంగా పాతిన గిన్నెలోకి దిగుతుంది, మునుగుతుంది. దానిక్కావలసింది ఆ పులిసిన వాసనే. పులిసిన గంజి పోసినా దిగుతుంది. కానీ గంజి పొయ్యమంటే ఎవరు వింటారు? గంజికి గ్రూపులో లైకులు రావు. పది రూపాయల తోటకూర కట్టను కాపాడ్డానికి రెండొందల సీసా వంచడంలో ఉన్న హుందాతనం గంజిలో ఎక్కడుంది? పైగా గిన్నెలో బీరు పోసి లోపలికొచ్చి పడుకుంటే సరిపోయేది ఇంగ్లండు తుంపరకి. మనకి పడేది తుంపరా? 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఆ వారం పెరట్లో గిన్నె కాదు, గిన్నె పాతిన మడి కూడా ఎక్కడుందో తెలీలేదు. అలాంటి వానకి నత్తలు గిన్నెలోంచి ఈదుకుంటూ వచ్చి, పలచబడిన బీరు మీద అసంతృప్తితో మళ్లీ బచ్చలెక్కుతాయి. నాలుగైదేళ్ల కిందట మన షాపుల్లో దొరికిన ఊరూ పేరూ లేని బ్రాండ్లయితే ఒక్క చుక్కతో పనయిపోయేదని తాగినవాళ్లు అంటారు. నత్తల అభిప్రాయం తెలీదు.

తమాషా ఏమిటంటే, ఈ చిట్కాల పుట్టింట్లో వాటి పరువు ఎప్పుడో పోయింది. లండన్‌లో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ అని తోటమాలుల పెద్ద సంఘం ఒకటుంది. వాళ్లు 2018లో ఈ గుడ్డు పెంకులు, రాగి పట్టీ, గరుకు ఇసక, బెరడు పొట్టు, ఉన్ని ఉండలు అన్నిటినీ లెట్యూస్ మొక్కల చుట్టూ పెట్టి పరీక్షించారు. పెట్టిన మొక్కల్నీ తిన్నాయి, పెట్టని మొక్కల్నీ అంతే తిన్నాయి. 2022లో ఇంకో అడుగు ముందుకేసి, నత్తల్ని ఇకమీదట చీడలనే లెక్కలో చూడబోమని ప్రకటించారు. అక్కడ దొరలు యుద్ధం మానేసి ఇంటికి పోయారు. ఇక్కడ మనం వాళ్లు పారేసిన కత్తులు ఏరుకుని నూరుతున్నాం.

గ్రూపు మీద నమ్మకం లేనివాళ్లు పురుగుమందుల కొట్టుకి పోతారు. అక్కడి వైద్యం ఇంకా వేగం.

"ఏంది బాబాయ్, పురుగా?"

"నత్త, అబ్బాయ్."

"ఆకు తింటందా?"

"తింటంది."

"తింటే పురుగే."

మూడు డబ్బాలు బల్ల మీదికొస్తాయి. ఒకటి చంపేది. రెండోది, చంపేది ఆకుకి అంటుకోవడానికి జిగురు. మూడోది టానిక్కు. ఇంత జరిగాక మొక్క నీరసపడుతుంది కదా! మిరప రైతుకి ఇచ్చిన చీటీయే బచ్చలి మాస్టారికీ. నత్త పురుగు కాదనీ, పురుగుల నరాల మీద పనిచేసే మందు దానికి పెద్దగా ఎక్కదనీ చెప్పేవాడు కొట్లో లేడు. చెబితే రెండు డబ్బాలు మిగిలిపోతాయి. ఆ మందుతో పోయేవి నత్త గుడ్లు తినే నేల పెంకుపురుగులు, నత్తనే వేటాడే మిణుగురు పిల్లలు. అవును, మిణుగురు పురుగు పిల్లగా ఉన్నప్పుడు తినేది నత్తల్నే. పిచికారీ చేసిన చేత్తోనే సాయంత్రం అరుగు మీద కూచుని, "మా చిన్నప్పుడు ఎన్ని మిణుగురులుండేవో!" అని నిట్టూరుస్తారు. కన్నీళ్లు కూడా పెట్టుకుంటారు. అవి మందు ఘాటువి.

నత్తకనే పుట్టిన మందు లేకపోలేదు. మెటాల్డిహైడ్ గుళికలు. దాంతో నత్త ఒంట్లో జిగురంతా కక్కి ఎండిపోతుంది. ఎండిపోవాలంటే పొడి వాతావరణం కావాలి. మనకి నత్తలొచ్చేదే వానలో. తడి నేల మీద పడ్డ నత్త నీళ్లు పీల్చుకుని తేరుకుని మళ్లీ మేతకి పోతుంది. తేరుకోనిది కుక్క. ఆ గుళికల వాసన కుక్కలకి ఇష్టం, తింటే మూర్ఛలొచ్చి చస్తాయి. బ్రిటన్‌లో 2022 ఏప్రిల్ నుంచి ఆరుబయట వాడకూడదని ఆపేశారు. ఇక్కడ తెచ్చినవాడు సగం పొట్లం మడికి చల్లి, మిగతా సగం పప్పుల డబ్బా పక్కన దాస్తాడు.

ఇంకొందరు ఉప్పు చల్లుతారు. నిజాంపట్నం వైపు బోరేస్తే ఉప్పునీళ్లు పడుతున్నాయని గోలపెట్టేవాళ్లే, చౌడు పోవాలని జిప్సం తోలుకునేవాళ్లే, చేతులారా మడిలో కళ్లుప్పు చల్లుకుంటారు. నత్త చస్తుంది, నిజం. వచ్చే కారుకి తోటకూరా మొలవదు.

బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945లో పెట్టారు. బస్సెక్కితే పోయొచ్చే దూరం. నత్తలకి ఏం చెయ్యాలో అక్కడ ఏ కుర్రాణ్ణడిగినా చెబుతాడు. చెప్పేది మాత్రం ఎవరికీ నచ్చదు. సాయంత్రం మడి పక్కన తడి గోనెపట్టాలు పరవండి, వాటి కింద బొప్పాయి ఆకులో, క్యాబేజీ ఆకులో, బెల్లం కలిపిన తవుడో పెట్టండి, తెల్లవారుజామున పట్టా ఎత్తి కింద చేరినవాటిని ఏరి ఉప్పునీళ్ల బక్కెట్లో వెయ్యండి. ఇంతే. మొత్తం శాస్త్రం ఇంతే. ఖర్చు లేదు, సీసా లేదు, డబ్బా లేదు. ఉన్న చిక్కల్లా ఒక్కటే. వంగాలి.

మన వానాకాలపు తోటమాలి చెయ్యనిది అదొక్కటే. వెయ్యి రూపాయల మట్టి కొంటాడు, రెండు వేల కుండీ కొంటాడు, మూడు వేల తుంపర గొట్టాలు బిగిస్తాడు. సాయంత్రం ఆరింటికి టైమర్ పెట్టి, రాత్రంతా మడి చిత్తడిగా ఉండే ఏర్పాటు స్వయంగా చేసుకుంటాడు. పొద్దున పూట నీళ్లు పెడితే రాత్రికి పైమట్టి ఆరుతుంది, నత్తకి నడవడం కష్టమవుతుంది. అలా పెట్టాలంటే పొద్దున్నే లేవాలి. మిగతా అన్ని మార్గాలూ అయ్యాక, "ఈ ఏడు నత్తలు మరీ ఎక్కువండీ, వాతావరణ మార్పు" అని భూగోళాన్ని నిందిస్తాడు.

ఎప్పుడైనా వాన వెలిశాక రాత్రి తొమ్మిదింటికి టార్చిలైటు పట్టుకుని పాదు దగ్గర నిలబడి చూశాడా? చూస్తే సగం కోపం పోతుంది, సగం పని అయిపోతుంది. నత్త బచ్చలాకు అడుగున అంచుకి దగ్గరగా ఉంటుంది. పైన రెండు పొడుగు కొమ్ములు, వాటి కొసల్లో కళ్లు. కింద రెండు పొట్టివి, వాసనకీ రుచికీ. వెలుతురు పడగానే పొడుగు కొమ్ములు లోపలికి ముడుచుకుంటాయి, నోరు మాత్రం ఆగదు. నాలిక మీద వేల పళ్లుంటాయి, వాటితో ఆకుని కొరకదు, గీకుతుంది. పెద్ద నత్తయితే చెవి దగ్గరికి పెడితే ఆ గీకుడు వినబడుతుంది కూడా. గుల్లలేని నల్లదయితే ఇంకా తెలివి. పగలంతా కుండీ అడుగున అంటుకుని ఉంటుంది. ఆ కుండీ ఎత్తితే మట్టిలో సగ్గుబియ్యం గింజల్లాంటి గుడ్లు కుప్పగా కనిపిస్తాయి. ఆ కుప్ప తీసి పారేస్తే వచ్చే నెల పడాల్సిన సగం ఫొటోలు గ్రూపులో పడవు. పెద్ద ఆఫ్రికా నత్తయితే ఒక్క దఫాకే వంద, రెండొందల గుడ్లు. ఆడా మగా ఒకే ఒంట్లో ఉండే జీవి, పెట్టేవాళ్లకి కరువు లేదు. ఏరేటప్పుడు చేతికి సంచి తొడుక్కోండి. ఎలుకల ఊపిరితిత్తుల్లో బతికే ఒక సన్నపురుగు వీటిలో చేరుతుంది, మన ఒంట్లోకి పోతే మెదడు పొరల దాకా వెళ్తుంది.

ఆ ఆఫ్రికా నత్త మనదేశానికి దానంతటది నడిచి రాలేదు. 1847లో విలియం బెన్సన్ అనే కంపెనీ దొర, గుల్లల శాస్త్రంలో మహా పండితుడు, మారిషస్ నుంచి ముచ్చటపడి తెచ్చాడు. కలకత్తా చౌరంగీలో తెలిసినాయన తోటలో వదిలారు. అంతే. ఆ తర్వాత అది కేరళ తోటల్ని మేసింది, హిందూపురం వైపు మల్బరీలో పడి పట్టుపురుగుల నోటికాడ కూడు లాక్కుంది. నత్తల గురించి అన్నీ తెలిసినవాడు చేసిన పని అది. కాబట్టి మా మాస్టార్లని మరీ అననక్కర్లేదు. హవాయి దీవుల్లోనూ శాస్త్రజ్ఞులే 1955లో ఈ నత్తని తినడానికి నత్తల్ని వేటాడే ఇంకో నత్తని అమెరికా నుంచి దించారు. అది ఆఫ్రికా నత్తని పక్కనపెట్టి, చెట్ల మీద బతికే అక్కడి అందమైన చిన్న నత్తల్ని జాతులకి జాతులే నమిలేసింది. వంగి ఏరుకోవాల్సిన పనిని ఇంకొకడికి అప్పజెబితే ఏం జరుగుతుందో అక్కడ చూడొచ్చు.

మనకి అప్పజెప్పుకోవడానికి ఇంటి మనుషులే ఉండేవాళ్లు. జెముడుకాకి పొదలో దూరి నత్తని లాగి గుల్ల పగలగొట్టి తినేది. ఆ పొద నరికి ప్రహరీ కట్టాం. కోతలయ్యాక పొలాల్లో బాతుల మందలు దిగేవి, ఇప్పుడు వరి ఇంకా గట్టున ఉండగానే మొక్కజొన్న విత్తనం గుచ్చుతాం, బాతుకి సందు లేదు. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో నత్తగుల్ల కొంగలు గూళ్లు కడతాయి, ముక్కు రెండు దవడల మధ్య సందుంటుంది. సెలవు రోజున కారేసుకుని పోయి ఫొటోలు తీసుకొచ్చి, "ఇవి మన పెరట్లోకి రావా?" అని అడుగుతారు. అవి తినేది చేలల్లో, చెరువుల్లో ఉండే నీటి నత్తల్ని. మీ ప్రహరీ దూకి మీ బచ్చలి కాపలా కాయడానికి వాటికి జీతమిస్తున్నారా?

పెరడు దాటి వీధిలోకొస్తే అసలు నత్తల మడి అక్కడుంది. వాన నీరు ఇంట్లోంచి వీధి కాలవకి, అక్కడ్నించి పంట మురుగు కాలవకి, అక్కడ్నించి నల్లమడకో, తుంగభద్ర డ్రెయినుకో, రేపల్లె డ్రెయినుకో పోయి సముద్రంలో కలవాలి. కలవదు. ఎందుకంటే మధ్యలో గుర్రపుడెక్క, తూటికాడ, ప్లాస్టిక్ సంచులు, నిరుడు తీసిన పూడిక. నిరుడు తీసిన పూడిక మళ్లీ కాలవలో ఎలా ఉందంటారా? తీసి గట్టు మీదే పోస్తారు. మొదటి వానకి అది జారి యథాస్థానం చేరుకుంటుంది. మళ్లీ తీస్తారు. మళ్లీ బిల్లు. ఒకే మట్టి మీద ఇన్నిసార్లు బిల్లు చెల్లించడం ఇంకే శాఖలోనూ సాధ్యం కాదు. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజి నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలితే కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె లంకలన్నీ నీళ్లలో కూచున్నాయి. ఆ వరదని ఎవరూ ఆపలేరు, సరే. మామూలు ఆషాఢం వానకే వీధిలో మోకాల్లోతు నీళ్లు నిలిచే ఊరికి వరద మీద నింద వేసే హక్కెక్కడుంది? నీళ్లు నిలిచిన గట్టు మీద నత్తలు గుడ్లు పెడతాయి, మోరీ మూత కింద నత్తలు పగలు పడుకుంటాయి, రాత్రి ప్రహరీ ఎక్కి మీ బచ్చలికొస్తాయి. మీరు బీరు గిన్నె పెట్టింది వాటి భోజనాల గదిలో. వాటి ఇల్లు పంచాయతీ అధీనంలో ఉంది.

తుపాను తర్వాత నాయకులు వస్తారు. పడిపోయిన వరి కంకులు నాలుగు కోసి చేతికిస్తే పట్టుకుని ఫొటో దిగుతారు. మురుగు కాలవ దగ్గర ఫొటో దిగిన నాయకుణ్ణి నేనింతవరకూ చూళ్లేదు. గుర్రపుడెక్క వెనకాల ఉంటే పచ్చగా, అందంగానే వస్తుంది కదా, ఎందుకు దిగరో!

వీటన్నిటికీ విరుగుడుగా ప్రభుత్వానికి నాదొక ప్రతిపాదన. ఇంటికి అయిదు బాతులు, నూటికి నూరు శాతం రాయితీ మీద. ముందు పేరు తేల్చాలి. నత్త నేస్తమా, బాతు భరోసానా అన్నది మంత్రివర్గం చూసుకుంటుంది. ప్రభుత్వం మారగానే పేరు మారుతుంది, బాతులు అవే ఉంటాయి. రైతు భరోసా కేంద్రాలు రైతు సేవా కేంద్రాలైనా గోడలు అవేగా! బాతు మెళ్లో రిబ్బను ఏ రంగుదో మాత్రం ముందే జాగ్రత్తపడాలి, పంచాయతీ ఆఫీసుల రంగుల మీద 2020లో సుప్రీంకోర్టు దాకా పోయొచ్చిన రాష్ట్రం మనది. ఈ-కేవైసీకి బాతు వేలిముద్ర పడదు, కాలివేళ్ల మధ్య పొర అడ్డం. కంటిపాపతో కానిచ్చెయ్యాలి. పెరట్లో నిలబెట్టి జియో ట్యాగ్ ఫొటో. సర్వర్ డౌనైతే బాతులు సచివాలయంలోనే రాత్రి నిద్ర చేస్తాయి.

టెండర్లన్నీ పూర్తయ్యి బాతులు దిగేసరికి మార్చి నెలొస్తుంది. అప్పటికి నత్తలు గుల్ల మూతికి మూత బిగించుకుని మట్టిలో నిద్రపోతుంటాయి. తినడానికి ఏమీ దొరక్క బాతులు మాస్టారి తోటకూర మడిలో దిగుతాయి. మాస్టారు మళ్లీ గ్రూపులో ఫొటో పెడతారు. వేసవి సెలవులకి అల్లుడూ పిల్లలూ వస్తారు. ఇంటికి అయిదున్న బాతులు ఇంటికి ఒకటవుతాయి. జూన్‌లో తొలకరి పడి నత్తలు మూతలు తెరుచుకుని బయటికొచ్చిన రోజునే తనిఖీకి అధికారి వస్తాడు.

"బాతులేవండీ?"

"మేతకి పోయినయ్యండి."

"అయిదూనా?"

"నాలుగండి. ముందు కాళ్లు కడుక్కోండి, భోజనాల వేళయింది."

ఆయన భోంచేసి, చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, రిజిస్టరు తెరిచి తీరిగ్గా రాస్తాడు: "బాతులు సంతృప్తికరముగా నున్నవి."